లెక్కల క్లాసుకు మా నాయిన పెట్టిన షరతు

డిగ్రీ మొదటి సంవత్సరంలో బిజినెస్ మ్యాథ్స్ క్లాసును నేను ఇరవై నాలుగు రోజులు జాలీ బయట కూర్చుని చదివాను. ఈ దేశంలో ఇంకెవరైనా కాలిక్యులస్‌ను కోళ్ల జాలీలోంచి నేర్చుకుని ఉంటే ముందుకు రండి, తేల్చుకుందాం. రారని నాకు తెలుసు. ఆ కిరీటం నాదే. ఇన్నేళ్లయినా దాన్ని నేను గిన్నెలు తోమేటప్పుడు కూడా తీయను.

జాలీ ఎందుకంటే ఆ కాలేజీ అంతకుముందు కోళ్ల ఫారం. తొంభైల చివర్లో మేడ్చల్ చుట్టుపక్కల ద్రాక్షతోట కనిపిస్తే నరికి ప్లాట్లు వేసేవారు, కోళ్ల ఫారం కనిపిస్తే కోళ్లను పంపించి కాలేజీ పెట్టేవారు. మావాళ్లు మూడు వైపులా గోడ లేపారు. నాలుగో వైపు సగం గోడ, దాని మీద ఇనుప జాలీ అలాగే ఉండిపోయాయి. షెడ్డు ఎంత పొడుగంటే, మొదటి బెంచీలో పలికిన హాజరు చివరి బెంచీకి చేరేలోగా ఆ పలికినవాడు డిగ్రీ పూర్తిచేసి, పెళ్లి కూడా చేసుకునేవాడు. కొన్ని కోళ్లకు కాలేజీ అయిన సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే వచ్చి బోర్డు కింద నిలబడేవి. హాజరులో మా అందరికంటే అవే ముందు.

లెక్కల సార్ కోస్తా నుంచి వచ్చినవారు. కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు. ఆయన చొక్కా చేతుల ఇస్త్రీ మడత మీద ఈగ వాలితే రెండు ముక్కలై రాలేది. మొదటి రోజు ఆయన మాకు నమస్తే పెట్టే వ్యవధి కూడా ఇవ్వలేదు. నాలుగు పేజీల జిరాక్స్ కాగితాలు పిన్ను కొట్టి ఒక్కొక్కరి చేతిలో పెట్టారు. అంతా ఇంగ్లీషు. మొత్తం పదిహేడు షరతులు.

“ఈ కోర్సులో మీ నుంచి నేను ఆశించేవి ఇవి. చదువు మొదలవడానికి ముందే పద్ధతి తెలియాలి కదండీ,” అన్నారు. మమ్మల్ని ‘అండీ’ అన్నవాళ్లు అంతవరకు పుట్టలేదు. దానికే సగం క్లాసు లొంగిపోయింది.

గంట కొట్టిన అయిదు నిమిషాలకు తలుపు మూసేస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎంతటివాళ్లయినా వరండాలోనే. క్యాలిక్యులేటరు ముట్టకూడదు. పరీక్ష తప్పితే ఏ కారణం చేతనూ మళ్లీ పెట్టరు. లోపల బెంచీ మీద ఉన్నవాళ్లకే హాజరు. నూటికి డెబ్బై అయిదు హాజరు లేకపోతే హాల్ టికెట్ రాదు. తరగతికి పెంపుడు జంతువులను తేరాదు. ఇది చదువుతున్నప్పుడు నా కాళ్ల దగ్గర ఒక పెట్ట గింజలేరుకుంటోంది; తనను కాదన్నట్టే ఉంది. ఆఖరి పేజీ అడుగున ఒక గీత. దాని మీద తండ్రి సంతకం కావాలి. ఆ సంతకం తెచ్చేదాకా క్లాసులోకి రానివ్వరు.

సంతకం ఎంతసేపు! నేనూ అదే అనుకున్నాను.

మాది షామీర్‌పేట దగ్గర, అలియాబాద్ పక్కన చిన్న ఊరు. రెండెకరాల కూరగాయలు, ఒక బావి. ఆ రోజుల్లో మా ఊళ్లో పాముకు భయపడనివాడు ఉండేవాడు కానీ, కాగితానికి భయపడనివాడు లేడు. మా చిన్నాయన ఒకసారి బోరు వేసుకోవడానికి పర్మిషను అని ఎవరో చెబితే ఒక కాగితం మీద చక్కగా సంతకం పెట్టాడు. బోరు పడలేదు. బదులుగా చేలో తెల్లరంగు వేసిన హద్దురాళ్లు పడ్డాయి. అప్పటి నుంచి మావాళ్లు పెళ్లిపత్రిక ఇచ్చినా చేతులు వెనక్కి పెట్టుకుని, “నోటితో జెప్పు, వస్తం” అనేవాళ్లు.

నేను వెళ్లేసరికి నాయిన బావి దగ్గర టమాటాలు గంపలోకి తెంపుతున్నాడు. అవ్వ, అంటే నాయిన తల్లి, గట్టు మీద కూర్చుని పుచ్చులు ఏరుతోంది.

“గిదేంది బిడ్డా?”

“లెక్కల సారు ఇచ్చిండు నాయినా. కింద సంతకం వెట్టాలె.”

గంప కింద పెట్టాడు. “సంతకమా? ఏం రాసుంది?”

“క్లాసుల ఎట్లుండాలెనో రాసిండు.”

“సదువు.”

చదివాను. ఇంగ్లీషు వాక్యం చదవడం, దాన్ని మా మాటలోకి దింపడం, దాని మీద నాయిన అడిగే ప్రశ్నలకు సార్ తరఫున నేనే జవాబు చెప్పడం. మొదటి షరతు దగ్గర నెత్తి మీదున్న సూర్యుడు అయిదో షరతుకు విసుగుపుట్టి పడమటికి పోయాడు. పద్నాలుగో షరతు దగ్గర నా నోరే ఆగిపోయింది.

“ఏమైంది?”

“మంచు బాగ పడి రోడ్లు మూసుకపోతె, కాలేజి ఉంటదో ఉండదో పొద్దుగాల రేడియోల జెప్తరంట.”

నాయిన మెడ మీది చెమట తుడుచుకుని ఆకాశం వైపు చూశాడు. అవ్వ మాత్రం ఉత్సాహపడింది.

“మంచా? గీ షామీర్‌పేటలనా? నేను పుట్టినకాంచి పొగమంచు దప్ప జూడలే. పడనియ్యిరా కొడుకా, కల్లు సల్లగుంటది!”

నాయిన నవ్వలేదు. పదిహేడూ అయ్యాక ఒకటే అడిగాడు. “మన దిక్కు ఏం జెయ్యాలెనో పదిహేడు రాసిండు. ఆయన దిక్కు ఏం జేస్తడో ఒక్కటన్న రాసిండా?”

అన్ని పేజీలూ తిప్పాను. “లేదు నాయినా.”

“ఒక్క దిక్కే రాసిన కాయితం మీద ఇగ మన ఇంట్ల ఎవ్వలు సంతకం వెట్టరు. మీ సిన్నాయిన వెట్టింది సాలు.”

“మరి నన్ను లోపటికి రానియ్యడు.”

“బయట గూసోని సదువు. ఇనరాదా?”

మర్నాడు బస్సులో మా ఊరి పిల్లే, నా క్లాసే, చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్ల, నా అవస్థ విని పకపకా నవ్వింది. “ఏందే నువ్వు! గంత పరేషాన్ ఎందుకు? నేను నిన్న గీ సీట్ల గూసోనే మా బాపు సంతకం వెట్టిన. నీది గూడ ఇయ్యి, గీతలు గీతలు గొట్టిస్త.”

నేను కాగితం ఇవ్వలేదు. భయంతో కాదు, నాయిన సంతకం నేను నిద్రలో కూడా పెట్టగలను, ప్రోగ్రెస్ కార్డుల మీద చేసిన సాధన అది. కానీ పదిహేడు షరతులూ నేను చదివి వినిపించి, ఆయన వద్దన్నాక, దొంగతనంగా ‘సరే’ రాయడానికి చెయ్యి రాలేదు. పైగా అప్పటికే నాకు కూడా రోషం ఎక్కింది. మంచు షరతుకు తలవంచి డిగ్రీ చదవాలా?

అలా నా బయటి చదువు మొదలైంది. జాలీ అవతల ఒక సిమెంటు దిమ్మె ఉండేది, పూర్వం కోళ్ల దాణా కలిపినది. దాని మీద కూర్చునేదాన్ని. లోపల సార్ హాజరు పిలిచేవారు.

“ముప్పై ఒకటి?”

“ఉన్న సార్!” అని నేను జాలీలోంచి అరిచేదాన్ని. మేడ్చల్ బస్టాండులో కండక్టర్లు ఉలిక్కిపడి టికెట్లు జారవిడిచేవాళ్లు.

“లోపల ఉన్నవాళ్లే పలకాలమ్మా. ఆబ్సెంట్.”

ప్రతిరోజూ ఇంతే. ప్రతిరోజూ అరిచాను. ఆయన ప్రశ్న అడిగితే లోపల నలభై ముగ్గురు బల్లల మీద గీతలు లెక్కపెట్టుకునేవాళ్లు. నేను బయటనుంచి జవాబు విసిరేదాన్ని. ఆయన నా వైపు చూసేవారు కాదు. “ఎవరో సరిగ్గానే చెప్పారు,” అని కోడి వైపు చూసి బోర్డు వైపు తిరిగేవారు. చెడ్డవారు కాదు, నిజం చెప్పాలి. వాన పడిన రోజు ఆయన గొడుగు ‘మరిచిపోయి’ బయట పెట్టారు. విప్పి, దిమ్మె మీదికి వంచి మరీ మరిచిపోయారు. షరతు మాత్రం షరతే.

ఇరవై నాలుగో రోజు సాయంత్రం నోటుబుక్కు వెనక లెక్క వేసుకున్నాను. ఏడాదికి ఆ క్లాసులు వంద. ఇరవై అయిదు పోవచ్చు. ఇరవై ఆరోది పోతే హాల్ టికెట్ లేదు, పరీక్ష లేదు, ఏడాది లేదు. మా ఊరి నుంచి బస్సెక్కి డిగ్రీకి పోయిన మొదటి ఆడపిల్లలం మేమిద్దరమే. ఒక్కసారి తప్పి ఇంట్లో కూర్చుంటే, మళ్లీ ఆ బస్సు నాకోసం ఆగదని నాకు బాగా తెలుసు.

ఇంటికి వచ్చి చెప్పాను. “ఇంక ఒక్క రోజే ఉన్నది నాయినా. అది దాటితె ఏడాది పోతది.”

“నువ్వు రోజు పోతున్నవ్ గద?”

“పోతున్న. లోపట లేను గద.”

మర్నాడు పొద్దున్నే నాయిన తెల్ల ధోతి కట్టాడు. మా ఇంట్లో ఆ ధోతి పెళ్లికీ, ఓటుకీ తప్ప పెట్టెలోంచి లేవదు. “అవ్వా, నడువు,” అన్నాడు తల్లితో. “సాక్షి గావాలె.”

స్టాఫ్ రూమంటే ఒకప్పటి గుడ్ల గది. గోడలకు ఇంకా అట్ట ట్రేల గుర్తులున్నాయి. సార్ లేచి కుర్చీ జరిపారు. నాయిన కూర్చోలేదు. అవ్వ కూర్చుంది.

“మీ అమ్మాయి తెలివైనదేనండీ. ఒక్క సంతకం. అర నిమిషం పని,” అన్నారు సార్.

“అర నిమిషమే సారు. అర నిమిషంలనే మా తమ్ముని ఎకరం పోయింది.”

“అయ్యో, ఇది పొలం కాగితం కాదండీ!”

“పొలం కాయితమని ఆళ్లు గూడ జెప్పలే సారు. బోరు కాయితం అన్నరు.”

సార్‌కు చెమట పట్టింది. బీరువా తెరిచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టారు. “చూడండి. నలభై ముగ్గురి తండ్రులు పెట్టారు. ఎవరికీ లేని అభ్యంతరం మీకెందుకండీ?”

నాయిన ఒక్కో కాగితమూ తిప్పాడు. ఇంగ్లీషులో పేర్ల వరకు ఆయన కూడబలుక్కోగలడు; ఒకదాని దగ్గర ఆగాడు. అది ఎవరిదో నాకు తెలుసు.

“గీయన మా ఊరాయనే సారు. చెరువుల చేపలు పడ్తడు. సంతకం మస్తుంది. కలెక్టర్ లెక్క వెట్టిండు.”

“కదండీ!” అన్నారు సార్ సంతోషంగా.

“నెల కింద గింత మంచి ఇంగ్లీషు సంతకం వెట్టిండు. నిన్న రేషన్ డిపో కాడ బియ్యానికి నా ముంగటనే ఏలిముద్ర గొట్టిండు. నెలల మర్సిపోయిండేమొ, పాపం.”

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. సార్ కట్టను లాక్కుని గబగబా తిప్పారు. వరసగా ఎనిమిది కాగితాల మీద ఒకే నీలం పెన్ను, ఒకే ఎడమవాలు రాత. ఎనిమిది ఊళ్ల ఎనిమిది మంది తండ్రులు ఒకే చెయ్యితో పుట్టినట్టున్నారు.

“పిల్లల్ని ఏమనకుండ్రి సారు,” అన్నాడు నాయిన. “ఎవ్వలు సదువలే, గంతే. సదివినోని బిడ్డ ఒక్కతే బయట గూసున్నది. పోనియ్యుండ్రి. గీ పద్నాలుగోది మీరు సదివిండ్రా?”

సార్ అద్దాలు సర్దుకున్నారు. చదివారు. ఆయన ముఖం మా టమాటాల్లో మొదటి రకం రంగుకు వచ్చింది. ఇంకోసారి చదివారు, మంచు కరుగుతుందేమోనని.

“ఇది... కోఠిలో ఫుట్‌పాత్ మీద ఒక ఫారిన్ పుస్తకం కొన్నానండీ,” అన్నారు నెమ్మదిగా. “అందులో ఎవరిదో, ఏ కాలేజీదో కాగితం మడిచి ఉంది. పద్ధతిగా ఉంది కదా అని టైపు కొట్టించాను.” ఆ పేజీని బోర్లించి, “మొత్తం నేనూ చదవలేదు,” అన్నారు.

పక్క బల్ల దగ్గరున్న కామర్స్ సార్ నవ్వాపుకోలేక, దగ్గొచ్చినట్టు నటిస్తూ బయటికి పరుగెత్తారు.

“సరే, మంచు కొట్టేస్తాను. ఇప్పుడు పెడతారా?”

“మీ దిక్కు గూడ ఒక్కటి రాయుండ్రి. పెడ్త.”

“నా వైపా? ఏం రాయాలి?”

“గీ పోరి సమజ్ గాక అడిగితె మళ్ల జెప్తనని. ఎన్నిసార్లు అడిగితె అన్నిసార్లు.”

“లెక్చరరు విద్యార్థి తండ్రికి పూచీ రాసివ్వడం ఎక్కడైనా ఉందా అండీ?”

“యాడ లేకుంటె గీడ ఉంటది,” అన్నాడు నాయిన. “బస్సు లేటైతె తలుపు తియ్యాలని గూడ రాయిద్దమనుకున్న. గది మీ ఇష్టం, ఇడిసిపెడ్తున్న. గిది మాత్రం ఇడువ.”

సార్ నా వైపు తిరిగారు. నెల తర్వాత మొదటిసారి నేరుగా నన్ను చూడటం అది. “ఎన్నిసార్లంటే అన్నిసార్లని రాసే ముందు, అమ్మాయ్, బయట కూర్చుని ఏం నేర్చుకున్నావో నేను చూడాలి. ఖర్చు సూత్రాన్ని అవకలనం చేస్తే చివరనున్న స్థిరసంఖ్య సున్నా అయిపోతుంది. ఎందుకు?”

పుస్తకంలోని జవాబు నాకు కంఠతా వచ్చు. కానీ నాయిన ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయనకు కూడా అందేలా చెప్పాలనిపించింది.

“స్థిరసంఖ్య అంటే మా బాయి సార్,” అన్నాను. “బాయి ఒక్కసారే తవ్వినం. అవకలనం అడిగేదేంది? ఇంకొక్క పెట్టె టమాట ఎక్కువ పండిస్తె ఎంత ఖర్చు పెరుగుతదని. ఇంకొక్క పెట్టెకోసం బాయి మళ్ల తవ్వం గద. అందుకే పెరిగే దాంట్ల బాయి లెక్కకు రాదు. సున్నా.”

గుడ్ల గదిలో ఈగ కూడా రెక్క ఆపింది. నాయిన నా వైపు కాకుండా సార్ వైపు చూశాడు, ‘ఇప్పుడు చెప్పు’ అన్నట్టు. సార్ పెన్ను మూత తీసి, ఆఖరి పేజీ వెనక తెలుగులో రాశారు: ‘ఈ విద్యార్థిని అర్థం కాలేదని అడిగినన్ని సార్లు విసుగు లేకుండా తిరిగి చెప్పగలవాడను.’ ‘విసుగు లేకుండా’ అన్నది నాయిన అడగలేదు, ఆయనే వేశారు. సంతకం చేశారు. నాయిన చేశాడు. అవ్వ బొటనవేలు ఇంకులో ముంచి, మూడు వేళ్లకు సరిపడా ముద్ర కొట్టింది.

నేను ఉప్పొంగిపోయి, “మరి నా ఇరవై నాలుగు రోజులు?” అన్నాను.

“అవి రాయలేనమ్మా. లోపల ఉన్నవాళ్లకే హాజరు. షరతులో ఉంది.”

నాయిన నా వైపు తిరిగాడు. “ఉన్నదా బిడ్డా?”

“ఉన్నది. కని...”

“ఉంటె ఉండనియ్యి. రాసింది రాసిందే. మనం సంతకం వెట్టినం.”

నెల రోజులు నాకోసం ప్రపంచాన్ని ఎదిరించిన మనిషి, సిరా ఆరకముందే నా ఇరవై నాలుగు రోజులూ సార్ చేతిలో పెట్టి నమస్కారం చేశాడు. కాగితాన్ని నమ్మనివాడు ఒకసారి నమ్మితే ఇంత ప్రమాదం. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఒక్క రోజు ఉంది గద, సాలు,” అన్నాను ఇద్దరితోనూ. “గది గూడ వాడుకోను. సూడుండ్రి.”

మర్నాడు సార్ నలభై మూడు కాగితాలూ తిరిగి ఇచ్చేశారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. “ఇంట్లో చదివి వినిపించి, మీ వాళ్లు నా నుంచి ఏం కోరుకుంటున్నారో ఒక్క వాక్యం రాయించుకు రండి. వేలిముద్రయినా సరే,” అన్నారు. చేపల ఇంటి పిల్ల తల బల్ల కిందికి పోయి వారం దాకా పైకి రాలేదు. వాళ్ల బాపు చెప్పింది మాత్రం తుచ తప్పకుండా రాసుకొచ్చింది: ‘చెరువుల వల తీసే దినం నా బిడ్డ రాదు. గది మీరు సైసాలె.’ కీసర వైపు నుంచి వచ్చే ఒకడి తండ్రి కోరిక ఇంకా చిన్నది: ‘నిద్రపోతె కొట్టి లేపుండ్రి.’

నేను లోపలికి వచ్చాను, మొదటి బెంచీలో కూర్చున్నాను, నా కాగితాన్ని వాడుకోవడం మొదలుపెట్టాను. సమాకలనం మొదలైన వారంలో ఒకే లెక్కను ఏడుసార్లు అడిగాను. నాలుగోసారికి అర్థమయింది. మిగిలిన మూడూ వెనక బెంచీలవాళ్ల కళ్లు చూసి అడిగాను. వాళ్ల ఇంటివాళ్లకు ఈ షరతు రాయించుకోవాలని తట్టలేదు కదా.

ఏడోసారి సార్ సుద్దముక్క చేతిలో పట్టుకుని నన్నే చూశారు. “నిజంగా అర్థం కాలేదా?”

“కాలే సార్.”

“రాసిచ్చాను కదా,” అని, విసుగు ఎక్కడా లేకుండా, బోర్డు మొత్తం తుడిచి మొదటినుంచి మొదలుపెట్టారు.

ఆ ఏడాది మిగిలిన డెబ్బై ఆరు రోజులూ నేను వెళ్లాను. జ్వరం వస్తే జ్వరాన్ని కూడా బస్సెక్కించాను. దానికి సగం టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టరు ఆలోచించాడు. మేనమామ బిడ్డ పెళ్లి మా ఊళ్లోనే అయితే, తాళి కట్టే వేళకు నేను మేడ్చల్‌లో గరిష్ఠ లాభం కనుక్కుంటున్నాను. బస్సులు బంద్ పెట్టిన రోజు టమాటా ట్రాలీలో పెట్టెల మీద కూర్చుని వచ్చి, మూస్తున్న తలుపు సందులో చెప్పు పెట్టాను. సార్ గడియారం చూసుకున్నారు. నాలుగు నిమిషాల యాభై సెకన్లు. తలుపు తీశారు.

మార్చిలో హాల్ టికెట్లు ఇచ్చారు. సార్ రిజిస్టరులో నా వరస మీద వేలు పెట్టి చివరిదాకా లాగారు.

“డెబ్బై ఆరు. డెబ్బై అయిదు చాలమ్మా. నీకు ఇంకా ఒక రోజు మిగిలింది. ఒక్కరోజు కూడా ఇంట్లో ఉండలేకపోయావా?”

హాల్ టికెట్ తీసుకుని, నా పేరు, నంబరు సరిగ్గా ఉన్నాయో లేవో చూసుకున్నాను.

“ఆ రోజు మీ దగ్గరే ఉంచుకోండి సార్,” అన్నాను.